పులివెందులకు పోవాల్సిన చుట్టలు

ప్రొద్దుటూరు,
4 నవంబరు 2024.

పాపా షాహిస్తా,

అస్సలాము అలైకుం. నీ మామ కరీముల్లా రాసేది. ఫోన్లో నువ్వు మాట్లాడితే నా చెవికి పత్తి ఏకినట్లు బుర్రుమని ఒకటే శబ్దం, మాట దిగదు. అందుకే రాసి, కాయితం ఫోటో తీసి పంపుతాండా. నువ్వు కూడా చేత్తో రాసి పంపు. టైపు కొట్టి పంపితే నువ్వు మాట్లాడినట్లుండదు, బ్యాంకోళ్లు మాట్లాడినట్లుంటాది.

సంగతి ఏందంటే, సంబంధం ఖాయమైపోయింది. పులివెందుల నయీం. వీడియోలో చూసినావు కదా, బోరు మోటార్లు చుట్టే అంగడి. పెండ్లాం చనిపోయి నాలుగేండ్లు, పిల్లలు ల్యారు. వాళ్లమ్మ షాహీదాబీకి నీ మొదటి పెండ్లి ఎందుకు తెగిపోయిందో ఏదీ దాచకుండా చెప్పినా. ఆయమ్మ అంతా విని, "తెగింది తెగనీ. పరాయి దేశంలో ఎనిమిదేండ్లు ఒంటిగా నిలబడింది కదా, నాకు అది చాలు" అనింది. నిఖా జనవరిలో, ఈడనే మన ప్రొద్దుటూరులో. షరతు ఒకటే పెట్టింది. నిఖా అయ్యేదాకా మీ ఇద్దురూ ఫోన్లు మాట్లాడుకోగూడదంట. పాతకాలం మనిషి, పోనీలే.

ఈ సంబంధం తెచ్చింది ఆదినారాయణ. నాతో ఒకే బెంచీ మీద చదువుకున్నోడు, పులివెందుల కాడ చీనీ తోట. ఆ తోట మోటార్లన్నీ నయీమే చూసుకుంటాడు. "ఏమప్పా, ఇంత మేలు చేసినావు, నీకేం కావల్ల?" అంటే శానాసేపు నవ్వి, "కరీమూ, యాభై ఏండ్లుగా చుట్ట తాగుతాండా. ఆ విదేశాల చుట్ట ఉంటాదే, సిగారంటారు, పెద్ద పెద్దోళ్లు తాగేది, దాంట్లో ఏముండాదో ఒక్కసారి చూడాలప్పా" అన్నాడు. ఒక పెట్టె అడిగినాడు. నాలుగు పెట్టెలు అని నేను మాటిచ్చేసినా. నా మేనకోడలు మస్కట్లో అంత పెద్ద హోటల్లో సూపర్‌వైజరు, నాలుగు పెట్టెలు ఒక లెక్కా?

వచ్చేటప్పుడు తీసుకురా. మరిచిపోవద్దు.

నీ మంచి కోరే,
కరీముల్లా మామ


మస్కట్,
10 నవంబరు.

మామా,

వ అలైకుం అస్సలాం. నీ జాబు మూడుసార్లు చదివినా. మొదటిసారి సంతోషంతో, రెండోసారి నయీం గురించి ఇంకేమన్నా రాసినావేమోనని, మూడోసారి ఆ నాలుగు పెట్టెల కాడ ఆగిపోయి.

నేను సూపర్‌వైజరునే, అయితే హోటల్ లాండ్రీలో. సిగార్లు తాగేది పై అంతస్తులో. నాకు తెలిసింది వాళ్ల తెల్ల చొక్కాల మీద పడిన బొక్కలే. అయినా నీ మాట పోనియ్యను. పోయి విచారించినా. ఒక్కో చుట్టను అద్దాల గదిలో, తేమ పెట్టి, పసిపిల్లను పండుకోబెట్టినట్లు పెట్టినారు. ధర వినంగానే బయటికొచ్చేసినా. దుబాయిలో కొంచెం నయమంట. హోటల్ పనిమీద ఈ నెలలో బస్సులో దుబాయి పోవల్ల, వాషింగ్ మిషన్ పార్టు ఒకటి తెచ్చేదానికి. ఆడ కొంటా.

ఒక సంగతి తెలుసుకో. ఇండియాలో దిగేటప్పుడు మనిషికి ఇరవై ఐదు సిగార్ల దాకా సుంకం లేకుండా ఇడుస్తారు. అంటే ఒక్క పెట్టె. దానికి మించి తెస్తే కస్టమ్స్ సుంకం కట్టల్ల, అది దగ్గర దగ్గర సరుకు ఖరీదంత ఉంటాది. పార్సిల్లో పంపుదామంటే పొగాకు అనంగానే కొరియరోళ్లు చేతులు వెనక్కి తీసుకున్నారు. కాబట్టి నాలుగు కాదు. ఒకటి తెస్తా, నీ మొహం చూసి రెండోది కూడా తెచ్చి దానికి సుంకం కడతా. అంతే.

ఆదినారాయణ పెద్దాయనకు నా సలాం చెప్పు. పొగ తగ్గించమని కూడా చెప్పు.

నయీం అంగడి ఏ వీధిలో ఉండాది? ఊరికే అడుగుతాండా.

షాహిస్తా


ప్రొద్దుటూరు,
13 నవంబరు.

పాపా,

నీ జాబు అందింది. సుంకం సుంకం అని రాసినావు, సరే. ఎవురికి ఇయ్యల్ల? ఎంత ఇస్తే ఇడుస్తాడు? మనూర్లో రిజిస్ట్రార్ ఆఫీసులో ఐతే బయట కూర్చున్న మనిషికి ఇస్తే చాలు. నువ్వు ఆఫీసరుకు నేరుగా ఇయ్యద్దు, పక్కనుండే మనిషిని కనుక్కో.

అసలు అంత దూరం ఎందుకు? నలభై ఏండ్లుగా పరుపులు, దిండ్లు కుట్టి బతుకుతాండా, నా మాట విను. ఒక పెద్ద దిండు కొనుక్కో. ఒకపక్క కుట్టు ఇప్పి, నాలుగు పెట్టెలూ నడుమ పెట్టి, సుట్టూ దూది ఒత్తుగా కూరి మళ్లా కుట్టెయ్. ఎంత ఒత్తినా చేతికి తగలదు. దిండును ఎవురు అనుమానిస్తారు? ఆడపిల్ల, పెండ్లికి పోతాంది, దిండు తీసుకుపోతాంది అనుకుంటారు.

నయీం అంగడి ముద్దనూరు రోడ్డులో. నీలం బోర్డు. నేను పోయినప్పుడు మోటారు ఇప్పి రాగితీగ చుట్టుకుంటా కూర్చోనుండాడు. మాట తక్కువ. చేతులు శుభ్రంగా కడుక్కోనొచ్చి టీ ఇచ్చినాడు. నాకు నచ్చినాడు.

నాలుగు పెట్టెలు. గుర్తుండనీ.

మీ మామ


మస్కట్,
25 నవంబరు.

మామా,

నీ దిండు ఉపాయం మా లాండ్రీలో చెప్తే కేరళ పిల్లలు కడుపు పట్టుకోని నవ్వినారు. సుంకమంటే లంచం కాదు మామా, సర్కారుకు కట్టేది. దాచిపెట్టి తెచ్చేపని నేను చెయ్యను. ఏదున్నా బల్లమీద పెట్టి చూపిస్తా.

దుబాయి పోయి వచ్చినా. మిషన్ పార్టు దొరికింది. ఈడ ఒక పెండ్లి గుంపు దిగింది, ఆరువందల దుప్పట్లు కొండమాదిరి పడి ఉండాయి, నాతో పనిచేసే పిల్లలు ఇద్దురు జ్వరంతో పండుకున్నారు. రెండు షిఫ్టులు నేనే నిలబడతాండా. అందుకే ఈ రెండు ముక్కలు. రెండు తీసుకున్నా మామా. ఒకటి సరిహద్దులో పోయింది. ఒకటి నా బీరువాలో భద్రంగా ఉండాది. మిగతా కత తీరిగ్గా రాస్తా. కంగారు పడే పని ఏమీ ల్యా.

నీలం బోర్డంటే లేత నీలమా, ముదురా?

షాహిస్తా


ప్రొద్దుటూరు,
1 డిసెంబరు.

షాహిస్తా,

ఏం పని చేసినావు మ్మే?

మొన్న జమ్మలమడుగుకు ఒక పెండ్లింటికి పరుపులు దించేదానికి పోయినా. మెహరున్నీసా నన్ను బజార్లోనే నిలబెట్టింది. ఆమె కొడుకు రెహాన్ మస్కట్లో డ్రైవరు కదా, నువ్వెక్కిన బస్సులోనే ఉండాడంట. "మీ షాహిస్తాను సరిహద్దులో కస్టమ్సోళ్లు దింపి లోపలికి పిలుచకపోయినారంట, బస్సు ఆమెను ఇడిసిపెట్టి వచ్చేసిందంట, ఏం దొరికిందో ఏమో" అనింది. నేను ప్రొద్దుటూరు చేరేలోపలే ఆ మాట వచ్చి నా అంగడి ముందర కూర్చోనుండాది. మన ఊర్లో కస్టమ్స్ అంటే ఏమనుకుంటారో నీకు తెలీదా? వీధి వీధికీ బంగారు అంగడి ఉండే ఊరు. మెయిన్ బజార్లో నలుగురు అడిగినారు, "ఎన్ని బిస్కెట్లు కరీముల్లా బాయ్?" అని.

ఇంటికొచ్చి నీ జాబు మళ్లా చదివినా. రెండు తీసుకున్నా, ఒకటి పోయింది, ఒకటి బీరువాలో ఉండాది అని రాసినావు. రెండు ఏంది? బంగారు బిస్కెట్లేనా? ఎవురు చేయించినారు నీచేత? ఆరోజు నుంచి నువ్వు ఇంకో ముక్క రాయకపోతివి.

పులివెందుల నుంచి షాహీదాబీ మనిషిని పంపింది, ఇదేందో కనుక్కోని రమ్మని. నేనే బస్సెక్కి పోయినా. ఆయమ్మ వాకిట్లో నిలబడి చెప్పినా, "అది మన పిల్ల కాదమ్మా, కర్నూలు పిల్ల, పేరు కలిసింది. మన షాహిస్తా ఆ నెలలో మస్కట్ దాటనే ల్యా" అని. ఆయమ్మ నా మొహం చూసి, "సరే" అనింది.

నువ్వు కూడా ఆ మాట మీదనే ఉండు. బీరువాలో ఉండేది ఎవురిదో వాళ్లకు ఇచ్చెయ్. నీ అమ్మ నిన్ను నా చేతిలో పెట్టి పోయింది, నేనుండంగా నీ సంబంధం చెడిపోనియ్యను.

కరీముల్లా


మస్కట్,
2 డిసెంబరు.

మామా,

నీ జాబు చూసి మొదట నవ్వొచ్చింది. కర్నూలు పిల్ల కాడికి వచ్చినాక నవ్వు ఆగిపోయింది.

బంగారం కాదు. రెండు పెట్టెల చుట్టలు. నువ్వడిగిన చుట్టలు.

జరిగింది చెప్తా, విను. తిరుగు బస్సు సరిహద్దు కాడ నిలిచినాక అందరం దిగి సామాన్లు బల్లమీద పెట్టినాము. "పొగాకు, మందు ఏమన్నా ఉండాయా?" అని ఒక ఆఫీసరు అడిగినాడు. నేను ముందుకు పోయి రెండు పెట్టెలూ తీసి చూపించినా. "ఎవరికి?" అన్నాడు. "మా ఊరి దిక్కు ఒక రైతుకు" అన్నా. ఆయన నమ్మలేదు. "రైతు తాగే చుట్టలా ఇవి? అమ్ముకునేదానికా?" అని లోపలికి పిలిచినాడు. పాస్‌పోర్టు తీసుకున్నారు. ఇంకో ఆఫీసరు వచ్చినాడు, మళ్లా అవే ప్రశ్నలు, మళ్లా అవే జవాబులు. ఈలోపల బస్సులో జనం గొణుగుతాండారు. ఆ బస్సు నడిపే డ్రైవరు లోపలికొచ్చి నా చెవిలో, "రెండో పెట్టె పక్కసీటామెది అని చెప్పెయ్, ఇడిసేస్తారు" అన్నాడు. ఆ పక్కసీటామె ఫిలిప్పీన్ పిల్ల, ఏమీ తెలీదు ఆమెకు. నా పెట్టె ఆమె మెడకు ఎందుకు కట్టల్ల? "రెండూ నావే" అన్నా.

కడాకు పెద్ద ఆఫీసరు, "సొంతానికైతే ఒకటి తీసుకుపో. రెండోదానికి సుంకం కట్టు, లేకుంటే ఇడిసిపెట్టు" అన్నాడు. ఆయన చెప్పిన సుంకం పెట్టె ధరకు సమానం. ఇడిసిపెట్టేసినా. బయటికొస్తే బస్సు ల్యా. రేకుల షెడ్డు కింద కూర్చోని ఇంకో బస్సు కోసం చూసినా. ఏడవలేదు మామా, ఆకలైంది. ఒక పాకిస్తానీ పెద్దాయన రొట్టె, పప్పు ఇచ్చినాడు. నేను చేసిన నేరం ఇంతే.

దీంట్లో సిగ్గుపడేది ఏముండాది? ఆ బల్ల కాడ నేను అబద్ధం చెప్పుంటే అదే బస్సులో వచ్చేసేదాన్ని, రెహాన్ నోటికి పని ఉండేది కాదు. చెప్పలేదు కాబట్టే షెడ్డు కింద కూర్చున్నా. ఇప్పుడు నువ్వు పోయి నన్ను కర్నూలు పిల్లను చేసినావు. మామా, దించింది నన్నే. నేను ప్రొద్దుటూరు షాహిస్తాను.

మొదటి పెండ్లిలో కూడా పెద్దోళ్లు నా మంచికని ఏమేమో దాచి, ఏమేమో చెప్పినారు. దాని ఫలం నేనొక్కదాన్నే తిన్నా. రెండోసారి అట్ల అడుగు పెట్టను. నువ్వు పులివెందులకు పోయి ఉన్నది ఉన్నట్లు చెప్పు. వచ్చే శుక్రవారం లోపల చెప్పకపోతే నేనే నయీంకు ఫోన్ చేస్తా, వాళ్లమ్మ షరతు ఏమైనా కానీ. వాళ్లు వద్దంటే వద్దు. నా పని నాకుండాది, నా కాళ్లు నాకుండాయి.

నీ మీద కోపం ఉండాది. నీ మీద ప్రేమ కూడా ఉండాది. రెండూ రాస్తాండా.

షాహిస్తా


ప్రొద్దుటూరు,
6 డిసెంబరు.

పాపా,

పోయొచ్చినా. జరిగింది జరిగినట్లు రాస్తా.

నీ జాబు చదివినాక ఒక పూట అంగడి తెరవకుండా ఆలోచించినా. నేను ఇంత వయసు వాణ్ని, ఒక మాట చెప్పి, మళ్లా పోయి ఆ మాట అబద్ధమని ఎట్ల చెప్పల్ల అని. నీకు మళ్లా జాబు రాసి బతిమాలదామనుకున్నా. ఆ నడుమ నువ్వు రాసిన పక్కసీటామె గుర్తొచ్చింది. నువ్వు ముక్కూమొహం తెలీని పిల్లను కాపాడితివి. నేను యాడా లేని ఒక కర్నూలు పిల్ల మెడకు చుట్టేస్తిని. తెల్లారంగానే బస్సెక్కినా.

పోతా పోతా ఆదినారాయణను తోట కాడి నుంచి పిలుచకపోయినా, ఒంటిగా పోయేదానికి ధైర్యం చాలక. దావలో ఆయనకు సంగతి చెప్తే నడిరోడ్డులో నిలబడిపోయినాడు. "నా పాడు చుట్ట కోసమా? ఒకటి కదరా నేనడిగింది, నాలుగని చెప్పమని నిన్నెవురు అడిగినారు?" అని తిట్టినాడు. తిట్టించుకున్నా.

షాహీదాబీ చీనీపండ్లు కోస్తా కూర్చోనుండాది. నయీం అంగడి నుంచి వచ్చినాడు. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పినా. "అమ్మా, దించింది మా షాహిస్తానే. కర్నూలు పిల్ల అనేది నేను కట్టిన మాట. బంగారం కాదు, చుట్టలు. అవి తెమ్మన్నది నేను." అని, నీ జాబు మొత్తం చదివి వినిపించినా. నా మీద కోపం ఉండాదని రాసిన చోటు కూడా ఇడిసిపెట్టలేదు.

ఆయమ్మ కత్తి పక్కన పెట్టింది. "అంటే, ఆమె ఆడ సర్కారోళ్ల ముందర నిజం చెప్పింది. నువ్వు ఈడ నా వాకిట్లో అబద్ధం చెప్పినావు."

"అవునమ్మా."

"ఆ పొద్దే నీ మొహం చూస్తే తెలిసింది నాకు. నువ్వేదో దాస్తాండావు, పిల్ల నిజంగానే తప్పు చేసిందేమో అనుకున్నా. ఈ వారమంతా నాకు నిద్ర ల్యా. నీ అబద్ధం వల్లనే అనుమానం పుట్టింది కరీముల్లా, రెహాన్ మాట వల్ల కాదు."

ఆదినారాయణ ఏదో చెప్పబోతే ఆయమ్మ చేయెత్తి ఆపింది. "నేను చేసుకునేది కోడల్ని. కోడలి మామను కాదు. పోనీ, కూర్చో, పండు తిను" అనింది.

అప్పుడు నయీం మొదటిసారి నోరు తెరిచినాడు. "ఆ షెడ్డు కింద ఎంతసేపు కూర్చుందంట?" అని అడిగినాడు. శానాసేపు అని చెప్పినా. "ఒక మాట తెలిసింటే మా స్నేహితుడు ఆ దిక్కే ఉండాడు, బండి పంపేటోణ్ని కదా" అన్నాడు. లేచి మళ్లా అంగడికి పోయినాడు. దీనికి అర్థం ఏందో నువ్వే చూసుకో. నాకైతే మంచిగానే అగుపడింది.

బోర్డు ముదురు నీలం. ఈసారి సరిగ్గా చూసొచ్చినా.

కోపం పోయినాక జాబు రాయి.

కరీముల్లా మామ


హైదరాబాదు,
8 జనవరి 2025.

మామా,

దిగినా. మెహదీపట్నంలో స్నేహితురాలి ఇంట్లో ఉండా. రేపు బస్సెక్కుతా. నువ్వు ఎదురు చూస్తా మెట్లమీద కూర్చోకుండా ఉండేదానికి ఈ ముక్కలు.

విమానాశ్రయంలో రెండు దావలుంటాయి. ఏమీ చెప్పేది లేనోళ్లకు ఒకటి, ఏమన్నా చెప్పాల్సినోళ్లకు ఇంకొకటి. ఇరవై ఐదే కదా, నేను మొదటిదాంట్లో పోవచ్చు. అయినా రెండోదానికే పోయినా. ఇంక దీని గురించి ఎవురూ ఏమీ ఊహించుకునే పని ఉండకూడదని. ఆ దావలో ఒక్క మనిషి ల్యా. ఆఫీసరమ్మ ఆశ్చర్యంగా చూసింది.

"ఏముండాయి?"

"సిగార్లు, ఒక పెట్టె. నా పెండ్లి కుదిర్చిన పెద్దాయనకు."

నవ్వింది. "దీనికి సుంకం ల్యా, పో. ఏ ఊరు?"

"ప్రొద్దుటూరు."

ఆ మాటతో నవ్వు పోయింది మామా! "పెట్టె తెరువు" అనింది. పెండ్లి చీరలు, నీ స్వెటరు, షాహీదాబీ అత్తకు తెచ్చిన ఖర్జూరం, అన్నీ ఒకటొకటే తీసి బల్లమీద పరిచినారు. చెవి కమ్మలు రెండుసార్లు చూసినారు. అంతా అయినాక ఆయమ్మే చీరలు మడతపెట్టేదానికి చెయ్యి వేసింది. "ఉండమ్మా, నాది లాండ్రీ, నేను బాగా మడతపెడతా" అన్నా. ఇద్దురం నవ్వుకున్నాము. "పెండ్లి బాగా చేసుకో" అని పంపించింది.

కోపం ఎప్పుడో పోయింది. నువ్వు నా జాబును నా తిట్లతో సహా చదివినావని రాసినావే, ఆ పొద్దే పోయింది. రాయకపోయింది ఎందుకంటే దుప్పట్లు, ఆ ఆరువందలు పోతే ఇంకో ఆరువందలు.

రేపు కలుద్దాం.

నీ షాహిస్తా


ప్రొద్దుటూరు,
27 జనవరి.

పాపా,

నువ్వు పులివెందుల పోయినాక ఇల్లు బోసిగా ఉండాది. నిఖాకు కుట్టిన పరుపు మీద పండుకుంటాండారా? దాంట్లో మంచి పత్తి పెట్టినా, ఎండకు వేసేది మరిచిపోవద్దు.

నిన్న ఆదినారాయణ పెట్టె పట్టుకోని వచ్చినాడు. ఇద్దురం మిద్దె మీద కూర్చున్నాము. కొన తుంచి, అగ్గిపుల్లలు పెట్టెడు గీచి, ఎట్లనో అంటించినాడు. కండ్లు మూసుకోని పీల్చినాడు. నేను ఏం చెప్తాడోనని చూస్తాండా. పొగ ఇడిసి, "వాసన బాగుండాది కరీమూ. కానీ గొంతులో పట్టు ల్యా" అన్నాడు. సగం తాగి ఆర్పేసి, జోబులో నుంచి తన చుట్ట తీసి అంటించుకున్నాడు. మిగిలినవి తోటకు వచ్చే పెద్దమనుషులకు ఇస్తాడంట, ఒక్కొక్కరికీ నీ కత చెప్పి మరీ. ఈ పాటికి సగం పులివెందులకు తెలిసుంటాది.

మెహరున్నీసా అంగడికి వచ్చింది. రెహాన్ తప్పుగా అనుకున్నాడంట, ఏమనుకోవద్దనింది. షాహిస్తా కాడ కస్టమ్స్‌లో ఏం దొరికింది అని ఇంకెవురన్నా అడిగితే ఏం చెప్పాలని అడిగింది. "పులివెందుల ముద్దనూరు రోడ్డులో ముదురు నీలం బోర్డు ఉంటాది, పోయి ఆమెనే అడుగు" అని చెప్పినా.

ఏప్రిల్లో మస్కట్ పోయి ఇంకో ఏడాది పని చేసొస్తావని నయీం చెప్పినాడు. మంచిది. మీ అత్త ఏమంటాదోనని నేను అడగబోయినా, ఆగిపోయినా. అది నువ్వు మాట్లాడుకునే మాట. నీకోసం నేను భయపడింది నిజమే పాపా. ఆ భయంలో నీ నోరు నేనే మూసినా. ఇంకమీద ఎవురికైనా ఏమన్నా చెప్పల్లంటే నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడుకుంటా.

నీ మామ,
కరీముల్లా